నడి ఆకాశంలో ‘గ్యాస్’: నొప్పి లేదన్న గుండెపోటు కేసు

నేను ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే డాక్టర్ని. ఈ కేసు మాత్రం ఆస్పత్రిలో చూసింది కాదు. ప్రయాణికురాలిగా ఎక్కిన ఒక రాత్రి విమానంలో, వెనక గ్యాలీ (సిబ్బంది భోజనాలు సర్దే చోటు) నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. రాసుకోమని రోగీ, ఆయన భార్యా అనుమతి ఇచ్చారు. ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, ప్రయాణ వివరాలు కొంచెం మార్చాను. వైద్యం సంగతులు, ఎవరు ఏ మాట అన్నారు, ఏది ముందు ఏది వెనక అన్నది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో మందుల కన్నా మాటలే ఎక్కువ పనిచేశాయి. ఎక్కువ చెరుపు చేసినవీ అవే.

రోగికి 61 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగర్, ఇన్సులిన్ వాడుతున్నారు. బీపీకి ఒక మాత్ర. గుండె జబ్బు ఉందని అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. భార్యతో కలిసి తొమ్మిది గంటల ప్రయాణం. ఇద్దరిదీ తెలుగే. ఆయనకు ఇంగ్లిష్ బాగానే వచ్చు, ఆవిడకు రాదు. విమానంలో తెలుగు తెలిసిన సిబ్బంది ఒక్కరూ లేరు.

గేటు దగ్గర మొదలైంది

ఈ భాగం నాకు తర్వాత తెలిసింది, కానీ కథ ఇక్కడే మొదలవుతుంది కాబట్టి ముందే చెప్తాను. సెక్యూరిటీ దాటి బ్యాగులు లాక్కుంటూ గేటు దాకా నడిచేసరికి ఆయనకు ఎడమ భుజం, వీపు పైభాగం బరువెక్కాయి. ఒళ్ళంతా చెమట. బోర్డింగ్ పాస్ చూసే ఉద్యోగి ఆయన ముఖం చూసి, “ఒంట్లో బాగానే ఉందా సార్?” అని అడిగింది కూడా. “ఏం లేదు, పరుగున వచ్చాను” అన్నారాయన. ఎందుకలా అన్నారని నేను తర్వాత అడిగితే, “బాలేదంటే దింపేస్తారు కదమ్మా, టికెట్లన్నీ పోతాయి” అన్నారు.

ఆ భయం ఉత్తది కాదు. ప్రయాణానికి తగ్గ స్థితిలో లేడనిపించిన మనిషిని ఎక్కించుకోకుండా ఆపే అధికారం విమానయాన సంస్థలకు ఉంటుంది, టికెట్ షరతుల్లోనే ఆ మాట ఉంటుంది. అనుమానం ఉంటే డాక్టర్ సంతకంతో ‘మెడిఫ్’ అనే వైద్య సమాచార పత్రం అడుగుతారు. కాబట్టి మనిషి దాస్తాడు. దాచిన మనిషి 35,000 అడుగుల ఎత్తుకు వెళ్ళాక ఏమవుతుందో గేటు దగ్గర ఎవరికీ కనపడదు.

విమానం ఎగిరిన యాభై నిమిషాలకు ఆయన, రెండు వరసల ముందు మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి, కాసేపు పడుకోవచ్చా అని అడిగారు. అవి అదనపు డబ్బు కట్టినవాళ్ళకి ఇచ్చే సీట్లని, కుదరదని క్యాబిన్ సిబ్బందిలో ఒక అమ్మాయి చెప్పింది. ఎందుకు పడుకోవాలో ఆయన చెప్పలేదు. ఎందుకని ఆ అమ్మాయీ అడగలేదు.

రెండు గంటల పది నిమిషాలప్పుడు కాల్ బటన్ నొక్కారు. ఆయన భార్య తెలుగులో ఏదో చెప్పింది. ఆయన దాన్ని తనే ఇంగ్లిష్‌లోకి మార్చి “గ్యాస్” అన్నారు. నొప్పి ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. యాంటాసిడ్ మాత్ర, నీళ్ళు ఇచ్చి వెళ్ళిపోయింది ఆ అమ్మాయి. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఇంకో గంటన్నరకి నేనూ అదే తప్పు చేశాను.

గ్యాలీ నేల మీద

మూడు గంటల ఇరవై నిమిషాలకు టాయిలెట్ తలుపు తీసుకుని బయటికొస్తూ ఆయన గోడ వెంబడి జారి కూలిపోయారు. “విమానంలో డాక్టర్లు ఎవరైనా ఉంటే” అన్న ప్రకటన వినపడగానే లేచాను. నిద్రలో ఉన్నాను, మద్యం తీసుకోలేదు. ఈ మాట రాయడానికి కారణం ఉంది. తాగి ఉంటే ఆ ప్రకటనకు చెయ్యెత్తకూడదని, తప్పనిసరైతే ఆ సంగతి ముందే చెప్పి పక్కవాళ్ళకి సాయంగా ఉండాలని నేను నమ్ముతాను.

సీనియర్ పర్సర్, అంటే క్యాబిన్ సిబ్బందికి పెద్ద, నన్ను ఆపి గుర్తింపు కార్డు అడిగింది, ఏ విభాగమని అడిగింది. కొందరు డాక్టర్లు దీన్ని అవమానంగా తీసుకుంటారు. అలా అనుకోవద్దు. ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి సూదుల పెట్టె ఇచ్చేముందు ఆ ప్రశ్న వేయడం ఆమె బాధ్యత. ఫోన్‌లో ఉన్న రిజిస్ట్రేషన్ కార్డు ఫోటో చూపించాను, ఐదు సెకన్లలో అయిపోయింది.

నేను చేరేసరికి ఆయనకు తెలివి వచ్చింది. ముఖం పాలిపోయింది, చొక్కా తడిసి ముద్దయింది. పేరు చెప్పారు, ఎక్కడున్నారో చెప్పారు. తలకు దెబ్బ తగిలిందేమోనని వెనక్కి వేళ్ళు పోనిచ్చి చూశాను, బొప్పి లేదు. నాడి 46. స్టెతస్కోప్ పెట్టాను కానీ ఇంజిన్ హోరులో ఊపిరితిత్తుల శబ్దం గానీ బీపీ చప్పుడు గానీ వినపడే ప్రసక్తే లేదు. ఆకాశంలో బీపీ వేళ్ళతోనే చూసుకోవాలి: మణికట్టు నాడి మీద వేలు ఉంచి, బిగించిన పట్టీ వదులు చేస్తుంటే నాడి మళ్ళీ ఎక్కడ తగిలితే అది పై అంకె. 84. కింది అంకె దొరకదు, దాని గురించి బెంగపడక్కర్లేదు. ఆక్సిజన్ శాతం 88.

ఈ 88 గురించి కాస్త ఆగాలి. విమానంలో మనం పీల్చే గాలి నేలమట్టం గాలి కాదు. క్యాబిన్‌లో ఉండే పీడనం దాదాపు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉండేంత. ఆ ఎత్తులో ఏ జబ్బూ లేని మనిషికే ఆక్సిజన్ శాతం 90కి దగ్గరగా దిగవచ్చు. అంచేత 88 చూసి భయపడిపోనూ కూడదు, “ఇక్కడ అందరికీ ఇంతేలే” అని వదిలేయనూ కూడదు. రక్తనాళం సన్నబడిన గుండెకి నేల మీద సరిపోయిన ఆక్సిజన్ అక్కడ చాలకపోవచ్చు.

కాళ్ళు పైకెత్తించాను. సిలిండర్ నుంచి నిమిషానికి 4 లీటర్ల ఆక్సిజన్ పెట్టించాను. పది నిమిషాల్లో బీపీ 98, నాడి 54, ఆక్సిజన్ 95. “నొప్పి ఉందా అండీ?” అని అడిగాను. “లేదమ్మా” అన్నారు. “ఆయాసం?” “లేదు.” మనసులో లెక్క తేలిపోయింది: రాత్రి, సరిగ్గా నీళ్ళు తాగలేదు, గంటల తరబడి కూర్చుని లేచారు, టాయిలెట్‌కి వెళ్ళారు, కళ్ళు తిరిగి పడ్డారు. మామూలు సొమ్మసిల్లడం.

ఆ లెక్కకు ఆధారం లేకపోలేదు. 2008 నుంచి 2010 వరకు ఐదు విమానయాన సంస్థల నుంచి నేల మీది వైద్య కేంద్రానికి వచ్చిన 11,920 కేసులను విశ్లేషించిన పరిశోధన 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి 604 విమానాలకు ఒక వైద్య అత్యవసరం. అందులో 37.4 శాతం సొమ్మసిల్లడం లేదా సొమ్మసిల్లబోవడమే. శ్వాస ఇబ్బందులు 12.1 శాతం, వాంతులు, వికారం 9.5 శాతం. అంటే కళ్ళు తిరిగి పడిన మనిషి ఎదురైతే ‘మామూలుదే’ అనుకోవడం ఎక్కువసార్లు నిజమవుతుంది. ఆ రాత్రి నేను ఆ శాతాన్ని చూశాను, ఆ మనిషిని చూడలేదు.

“మామూలుగా సొమ్మసిల్లారు, కోలుకుంటున్నారు, గమ్యం దాకా వెళ్ళొచ్చు” అని పర్సర్‌తో చెప్పాను. ఆమె ఇంటర్‌ఫోన్‌లో కాక్‌పిట్‌కి చెప్పింది. సమయం మూడు గంటల ముప్ఫై ఐదు నిమిషాలు.

ఇరవై నిమిషాల గడువు

నాకు శిక్షణ ఇచ్చిన ఒక పెద్దాయన చెప్పిన మాట ఒకటుంది: సొమ్మసిల్లిన మనిషి పడుకోబెట్టాక పావుగంట, ఇరవై నిమిషాల్లో ముఖంలో రంగు తిరిగి, సిగ్గుపడి, లేచి కూర్చుంటానని గొడవ చేయాలి. చేయకపోతే నీ రోగనిర్ధారణ మార్చుకో. ఈయన గొడవ చేయలేదు. బీపీ నిలబడింది గానీ చెమట ఆగలేదు. వికారంగా ఉందంటున్నారు. లేవడానికి ఇష్టపడటం లేదు. కళ్ళు మూసుకుని ఎడమ చేత్తో కుడి పిడికిలి పట్టుకుని ఉన్నారు.

ముందు షుగర్ చూడాలి. మెడికల్ కిట్‌లో పడిపోయిన షుగర్‌ని పెంచే 50 శాతం డెక్స్‌ట్రోజ్ ఉంది, షుగర్ కొలిచే గ్లూకోమీటర్ లేదు. అమెరికాలో 2004 నుంచి పాటించిన కిట్ జాబితాలో కూడా అంతే: మందు ఉంటుంది, కొలిచే పరికరం ఉండదు. “మీ మిషను ఏదమ్మా?” అని ఆయన భార్యనే అడిగాను. పైన పెట్టిన చేతిసంచిలో ఉంది. 178. షుగర్ పడిపోవడం కాదు. (ఇన్సులిన్, మిషను, రోజువారీ మందులు చేతిసంచిలోనే ఉంచుకోవాలని ఎందుకంటామో ఇలాంటప్పుడు తెలుస్తుంది. కింద సరుకు గదిలో పెడితే ఇన్సులిన్ గడ్డకట్టి పాడవచ్చు, అవసరానికి అందనూ అందదు.)

సంచి తీసిస్తూ ఆవిడ నన్ను పట్టుకుని అంది: “ఇందాకట్నించీ ఎద పట్టేసినట్టుందంటున్నారు తల్లీ. విమానం ఎక్కక ముందు కూడా అన్నారు. గ్యాసే అంటారు ఆయన. గ్యాస్ అయితే బనీను ఇలా తడిసిపోతుందా?”

ఎద పట్టేసినట్టు. నేను నొప్పి గురించి అడిగాను, ఆయన లేదన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో నొప్పి అంటే పోటు, సూదితో పొడిచినట్టుండేది. ఇది నొప్పి కాదు, బిగింపు. మన భాషలో గుండె చేసే గోలకి చాలా పేర్లున్నాయి: బరువుగా ఉంది, పట్టేసింది, బిగదీస్తోంది, మంటగా ఉంది, బండ పెట్టినట్టుంది, ఊపిరి సలపట్లేదు, ఏదోలా ఉంది. ఇందులో ఏదీ ‘నొప్పి’ కాదు. ‘పెయిన్’ అంతకన్నా కాదు. షుగర్ ఉన్నవాళ్ళలో నరాలు మొద్దుబారి ఆ గోల ఇంకా పలచబడుతుంది. మా విభాగంలో కొత్తగా చేరే పిల్లలకు ఇది నేనే పాఠం చెప్తాను. నిద్రమత్తులో, గ్యాలీలో, నేనే మర్చిపోయాను.

“పట్టేసినట్టుందా అండీ, ఇక్కడ?” అని రొమ్ము ఎముక మీద చెయ్యి వేసి అడిగాను.

“అదే... గ్యాసు. మెడ దాకా ఎగదన్నుతోంది.”

అప్పటిదాకా గ్యాలీ మూల నిలబడి ఉన్న చిన్న అమ్మాయిని, యాంటాసిడ్ ఇచ్చిన అమ్మాయిని, పడకముందు ఆయన ఏమేం అడిగారని అడిగాను. ఆమె బెదిరిపోయింది. తప్పు తన మీదకి వస్తుందనుకుంది. “నీ మీద ఏమీ రాదు, నాకు టైములు కావాలంతే” అన్నాక అన్నీ చెప్పింది: సీటు అడిగిన సమయం, మాత్ర ఇచ్చిన సమయం, భుజం రాసుకుంటూ ఉండటం చూశానన్న సంగతి. రోగి చరిత్రలో అతి ముఖ్యమైన రెండు గంటలు ఆ అమ్మాయి దగ్గర ఉన్నాయి. ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె దగ్గరే ఉండిపోయాయి.

నెమ్మది నాడి, తగ్గిన బీపీ, వికారం, చెమట, రొమ్ము బిగింపు, మెడకి ఎగదన్నడం. గుండె అడుగుభాగానికి రక్తం అందకపోతే కనిపించే రూపం ఇదే. ఆ భాగానికి గుండెపోటు వస్తే నాడిని నెమ్మదింపజేసే వేగస్ నరం రెచ్చిపోతుంది, మనిషి సరిగ్గా సొమ్మసిల్లినట్టే కనిపిస్తాడు. రెండు చేతుల నాడీ సమానంగా ఉంది కాబట్టి బృహద్ధమని చీలిక అవకాశం తగ్గింది. పిక్కలు వాచలేదు, నొక్కితే నొప్పి లేదు. ఊపిరితిత్తుల్లో గడ్డ అయితే నాడి పరిగెత్తాలి, ఇక్కడ నిదానంగా ఉంది. అదీగాక నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణాల తర్వాత కూడా గడ్డ కట్టడం సుమారు 4,656 ప్రయాణాల్లో ఒకసారి కనిపించేది, అదీ ఎక్కువగా దిగిన తర్వాతి వారాల్లో.

ఈసీజీ లేదు, రక్తపరీక్ష లేదు. ఖాయంగా తెలుసా అంటే తెలియదు. తప్పయితే నష్టం ఏ వైపు ఎక్కువ అన్నది మాత్రం తెలుసు.

నాలుక కింద మాత్ర

పర్సర్ దగ్గర ఒక కార్డు ఉంది. రొమ్ములో ఇబ్బంది అంటే ఆస్పిరిన్, ఆ తర్వాత నాలుక కింద నైట్రోగ్లిసరిన్. నేను గుండె అన్నానో లేదో ఆమె ఆ మాత్ర తీసి చేతిలో పెట్టింది. వద్దన్నాను. ఆమె కార్డు చూపించింది. నైట్రోగ్లిసరిన్ రక్తనాళాలను వదులుచేసి బీపీని పడేస్తుంది. 90ల్లో ఉన్న బీపీతో, అడుగుభాగం గుండెపోటు అనుమానంతో అది ఇస్తే ఆయన్ని నేనే పడగొట్టినట్టవుతుంది. కుడివైపు గుండె గది కూడా దెబ్బతిని ఉంటే అది నిలబడేది తిరిగి వచ్చే రక్తం మీదే, ఈ మందు సరిగ్గా దాన్నే తగ్గిస్తుంది.

అక్కడ పర్సర్‌కీ నాకూ గొంతులు పెరగలేదు గానీ ఇద్దరం బిగుసుకున్నాం. ఆమె శిక్షణ ఆ కార్డు. కార్డు దాటితే జవాబుదారీ ఆమెది. “మీరు చెప్పినట్టు నేను వినక్కర్లేదు, కింద ఉన్న డాక్టర్‌ని అడుగుదాం. ఆయన ఇవ్వమంటే అప్పుడు మాట్లాడుకుందాం” అన్నాను. ఆ మాటతో ఆమె భుజాలు దిగాయి. చాలా సంస్థలకు నేల మీద ఇరవైనాలుగు గంటలూ డాక్టర్లు అందుబాటులో ఉండే ఏర్పాటు ఉంటుంది. విమానంలో దొరికిన డాక్టర్ మాట కన్నా వాళ్ళ మాటకి కెప్టెన్ ఎక్కువ విలువ ఇవ్వడం సహజం, వాళ్ళకి విమానం సంగతులు తెలుసు. కింది డాక్టర్ పది సెకన్లలో చెప్పాడు: నైట్రోగ్లిసరిన్ వద్దు.

ఆస్పిరిన్ 325 మిల్లీగ్రాములు నమిలి మింగమన్నాం. అంతకుముందు కడుపులో పుండు, రక్తస్రావం, రక్తం పల్చబరిచే మందులు, ఆస్పిరిన్ పడకపోవడం, అన్నీ ఆవిడని అడిగాను. పడినప్పుడు తలకి దెబ్బ తగల్లేదని మళ్ళీ ఒకసారి తడిమి చూశాను. చేతికి సూది పెట్టి, కిట్‌లో ఉన్న 500 మిల్లీలీటర్ల సెలైన్‌లో సగం నెమ్మదిగా ఎక్కించాం. సీసా కోటు తగిలించే కొక్కేనికి వేలాడింది. గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టె తెప్పించి పక్కన ఉంచాను. ఆస్పిరిన్ కన్నా ఆ పెట్టె పక్కన ఉండటమే నాకు ధైర్యం, ఎందుకంటే మొదటి గంటల్లో గుండెపోటు మనిషిని చంపేది ఎక్కువగా లయ తప్పడం వల్లే.

కెప్టెన్ ప్రశ్న

విమానాన్ని మధ్యలో దింపాలా వద్దా అనేది డాక్టర్ తేల్చేది కాదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం విమానం గురించిన చివరి అధికారం కెప్టెన్‌ది. ఇంధనం ఎంత ఉంది, ఆ బరువుతో దిగవచ్చా, రన్‌వే సరిపోతుందా, వాతావరణం ఎలా ఉంది, కింద గుండె వైద్యం దొరికే ఆస్పత్రి ఉందా, ఇవన్నీ ఆయన తూచుకోవాలి. ఆ 11,920 కేసుల్లో దారి మళ్ళించింది 7.3 శాతంలోనే.

ఇంటర్‌ఫోన్‌లో కెప్టెన్ అడిగిన ప్రశ్న న్యాయమైనది: “అరగంట కిందట పర్వాలేదన్నారు. ఇప్పుడు దించమంటున్నారు. ఏం మారింది?”

ఆ రాత్రి అన్నిటికన్నా కష్టమైన పని దానికి జవాబు చెప్పడం. ఆయనలో పెద్దగా ఏమీ మారలేదు, అంకెలు మెరుగయ్యాయి కూడా. మారింది నా ఆలోచన. మొదట చెప్పిన మాట ఎంత గట్టిగా నాటుకుంటుందో అప్పుడు తెలిసింది. కాక్‌పిట్‌లో ఆ అరగంటా గమ్యం వైపు ప్రణాళికే నడిచింది, దగ్గరి విమానాశ్రయం ఒకటి వెనక్కి పోయింది. ఉన్నమాటే చెప్పాను: “మొదట నేను పొరబడ్డాను. కొత్త సమాచారం వచ్చింది. రొమ్ము బిగింపు రెండు గంటలుగా ఉంది, నాకు ఇప్పుడే తెలిసింది. గుండెపోటు అని నా అనుమానం, ఖాయం చేసే పరికరం ఇక్కడ లేదు. గమ్యం ఐదు గంటల దూరం. ఆ ఐదు గంటల్లో గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది, గుండె ఆగినా ఆగవచ్చు.”

కింది డాక్టర్ కూడా దింపడమే మంచిదన్నాడు. నాలుగు గంటల ఐదు నిమిషాలకు కెప్టెన్ నిర్ణయం చెప్పారు. యాభై నిమిషాల్లో దిగుతున్నాం.

ఇప్పుడు ఎవరైనా అలాంటి చోట నన్ను సలహా అడిగితే ఒకటే చెప్తాను. మొదటి పది నిమిషాల్లో “పర్వాలేదు” అనకండి. “ఇంకా చూస్తున్నాను, ఇరవై నిమిషాల్లో మళ్ళీ చెప్తాను, ఈలోగా దగ్గరి విమానాశ్రయం ఏదో చూసి ఉంచండి” అనండి. దీనికి ఎవరూ నొచ్చుకోరు.

దిగేటప్పుడు ఆయన్ని నేల మీద ఉంచడం కుదరదు, సీటులో బెల్టుతో ఉండాలన్నారు. అది సరైన నియమమే. అదనపు డబ్బు కట్టినవాళ్ళకని చెప్పిన ఆ మూడు సీట్ల వరసలోనే, సీటు వెనక్కి వాల్చి, పక్కన భార్యని, ఇటు నన్ను కూర్చోబెట్టారు. ఆ వరస చూపించింది ఆ చిన్న అమ్మాయే.

సీటు మారుస్తారా అన్న ప్రశ్నకి ఒక పెద్ద కేసు ఉంది. 1998 జనవరిలో ఒక అంతర్జాతీయ విమానంలో పొగ పడని ఒక ప్రయాణికుడిని పొగతాగే వరసలకు దగ్గరగా కూర్చోబెట్టారు. ఆయన భార్య మూడుసార్లు సీటు మార్చమని అడిగింది. విమానం నిండిపోయిందని జవాబు. ఖాళీ సీట్లు 11 ఉన్నాయని తర్వాత తేలింది. ఆయన ఆ విమానంలోనే చనిపోయాడు. 2004లో ‘ఒలింపిక్ ఎయిర్‌వేస్ వర్సెస్ హుసేన్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, సిబ్బంది అలా నిరాకరించడం కూడా, అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో సంస్థల బాధ్యతను చెప్పే వార్సా ఒప్పందం ప్రకారం ‘ప్రమాదం’ కిందికే వస్తుందని తేల్చింది. అంటే సిబ్బంది ఏమీ చేయకపోవడం కూడా ఒక చర్యే.

కానీ ఆ భార్య కారణం చెప్పి అడిగింది. మా రోగి చెప్పలేదు. “కాసేపు పడుకోవచ్చా” అంటే అది సౌకర్యం అడగడం, రోజుకి వందమంది అడుగుతారు. “నాకు షుగర్ ఉంది, ఎద బిగుసుకుంటోంది, చెమటలు పడుతున్నాయి, పడుకోవాలి” అంటే అది ఇంకో మాట. ఆ మాట విన్న సిబ్బంది ఊరికే వెళ్ళిపోలేరు, పై వాళ్ళకి చెప్పి తీరాలి. విమానంలో ఒంట్లో బాలేకపోతే జబ్బు పేరు మీరు పెట్టకండి. గ్యాస్ అనీ నీరసం అనీ తేల్చేయకండి. ఏమనిపిస్తోందో, ఎప్పట్నించో, ఏ మందులు వాడుతున్నారో చెప్పండి. భాష రాకపోతే ఆ భాష తెలిసిన వాళ్ళని పిలవమనండి. రెండు వందల మంది ఉన్న విమానంలో ఎవరో ఒకరు దొరుకుతారు. నేను పదకొండు వరసల వెనక నిద్రపోతున్నాను.

ఫలితం

నేల మీద ఈసీజీ తీసిన రెండో నిమిషంలో అనుమానం తీరింది. గుండె అడుగుభాగానికి పోటు. కుడి కరోనరీ ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంటే తెరిచి స్టెంట్ వేశారు. ఐదో రోజుకి ఆస్పత్రి నుంచి వచ్చేశారు. గుండె పంపు చేసే శక్తి కొంచెం తగ్గింది. మొదటి అరగంట నేను పోగొట్టకపోతే అది కూడా తగ్గేది కాదేమో, ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. తిరుగు ప్రయాణానికి ముందు మెడిఫ్ పత్రం మీద ఆయన కార్డియాలజిస్టు సంతకం పెట్టారు. ఈసారి ఏదీ దాచలేదని రోగి నాకు ఉత్తరంలో రాశారు.

ఆ కాగితం

మాటలు దారిలో ఎలా మారిపోతాయో ఆ రాత్రి కళ్ళారా చూశాను. ఆవిడ ‘ఎద పట్టేసింది’ అంది, ఆయన ‘గ్యాస్’ అన్నారు, ఆ అమ్మాయి ‘అజీర్ణం’ అని పర్సర్‌కి చెప్పింది. తర్వాత నా మాట వంతు. “స్పృహ తప్పి పడ్డారు, ఇప్పుడు తెలివిగా ఉన్నారు” అని నేనంటే, పర్సర్ నుంచి కాక్‌పిట్‌కి, అక్కడి నుంచి రేడియోలో కింది డాక్టర్‌కి చేరేసరికి “రోగికి స్పృహ లేదు” అయింది. ఆయన ఊపిరి గొట్టం గురించి అడగడం మొదలుపెట్టాడు.

పైలట్లకి దీని మందు తెలుసు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చెప్పిన అంకెని వాళ్ళు తిరిగి అప్పజెప్తారు, తప్పుంటే అక్కడికక్కడే దొరికిపోతుంది. మేమూ అదే చేశాం. నేను కాగితం మీద ఐదు గీతల్లో రాసిచ్చాను: సమయం, బీపీ, నాడి, ఆక్సిజన్, రోగి మాట. పర్సర్ చదివింది, కెప్టెన్ తిరిగి చదివారు. ఆ తర్వాత ఒక్క మాటా వంకర పోలేదు. ప్రతి పది నిమిషాలకి ఒక గీత చేరింది. కాలం గడిచేకొద్దీ ఆ కాగితమే కేస్ షీట్ అయింది.

అంబులెన్స్ వాళ్ళు ఎక్కినప్పుడు దాన్ని వాళ్ళ చేతికివ్వాలి. సంస్థ ఫారంలోకి ఎక్కించే పని ఆ చిన్న అమ్మాయికి అప్పగించారు. ‘రోగి చెప్పిన లక్షణం’ అన్న గడి దగ్గర ఆమె ఆగిపోయింది. గ్యాస్ అని రాయనా అని అడిగింది. ఆవిడ అన్న మాటే రాయమన్నాను. “నాకు ఆ మాట రాదు, మళ్ళీ చెప్పండి” అంది. చెప్పాను. ఆమె తన లిపిలో, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, రెండు గంటల పది నిమిషాలు అన్న సమయానికి ఎదురుగా ‘ఎద పట్టేసినట్టుంది’ అని రాసి, పక్కనే అర్థం రాయడానికి నన్ను మళ్ళీ అడిగింది.